వినపడుతోందా?

2020 ఏప్రిల్లో మా ఇంటి ముందుగదిలోంచి పొద్దంతా ఒకే మాట వినిపించేది. "వినపడుతోందా?" క్లాసు మొదలుపెట్టగానే ఒకసారి, స్లయిడు మార్చినప్పుడల్లా ఒకసారి, అవతల చప్పుడు లేకపోతే మళ్ళీ ఇంకోసారి. ఓ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ, "కాలేజీలో కూడా పిల్లల్ని ఇట్లే అడిగేవాళ్ళా?" అంది. ఊరికే అడిగింది, అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నేను మాత్రం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. అడిగేవాణ్ణి కాదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, అరవైమంది నా ఎదురుగా కూర్చున్న గదిలో, నా మాట ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అని ఒక్కనాడూ అడిగిన గుర్తు లేదు. వాళ్ళు కంటికి కనిపిస్తున్నారు కాబట్టి వింటున్నారనుకున్నాను.

ఇది నా ఒక్కడి సంగతైతే రాయవలసిన పని లేదు. కర్నూలు పడమటి మండలాల పిల్లలు చదువుకోవడానికి వచ్చే ఓ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నాతోపాటు చెప్పినవాళ్ళు, నాకు ముందు చెప్పినవాళ్ళు, నేను శిక్షణ ఇచ్చి నిలబెట్టినవాళ్ళు, అందరం కలిసి చేసిన తప్పు ఇది. కరోనా తరవాత ఎన్ని సెమినార్లు జరిగాయో! తరగతి గది మేలా, ఆన్‌లైన్ మేలా, రెండూ కలిపిన మిశ్రమ బోధన మేలా అని గంటలకొద్దీ మాట్లాడాం. నేనూ ఒక పత్రం చదివాను. మూడు పద్ధతుల్నీ ఎదురుగా నిలబెట్టి మేం తీర్పరుల కుర్చీల్లో కూర్చున్నాం. ఆ మూడింటిలోనూ పాఠం చెప్పింది మేమే. ఆ సంగతి ఒక్క పత్రంలోనూ లేదు.

ముఖాముఖి బోధనకు సాటి లేదని వేదికల మీద చెప్పాం. మా ముఖాముఖి ఎలా ఉండేదో చెబుతాను. పిల్లలు ఆర్టీసీ పాసు మీద ముప్పై, నలభై కిలోమీటర్ల నుంచి వచ్చేవాళ్ళు. పొద్దున్నే చద్దన్నం తిని, బస్సు నిండితే ఫుట్‌బోర్డు మీద నిలబడి, మొదటి గంటకు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. సాయంత్రం మూడున్నర బస్సు తప్పితే ఆడపిల్లలకు ఇల్లు చేరేదాకా గుండె దడే. అంత కష్టపడి వచ్చిన పిల్లల చేత మేం చేయించిన పని డిక్టేషను రాయించడం. పది నిమిషాలు హాజరు, ముప్పై అయిదు నిమిషాలు నోట్సు, ఆఖర్న "ఇది ఇంపార్టెంటు, గుర్తు పెట్టుకోండి" అని ఒక మాట. నేను చదివిన నోట్సు నా ఎమ్మెస్సీ నాటిది. అందులో ఉన్నది తెలుగు అకాడమీ పుస్తకంలో ఇంకా వివరంగా ఉంది. ఆ పుస్తకం లైబ్రరీలో ఉంది. పుస్తకంలో ఉన్నదాన్ని రాసుకోవడానికి నలభై కిలోమీటర్లు రప్పించి, వాళ్ళు పుస్తకం చదివి రాగలిగితే ఆ గంటలో ఏం చేయవచ్చు అని మేం ఏనాడూ ఆలోచించలేదు. పిల్లవాడు ఎదురుగా కూర్చోవడం వల్ల ఒరిగే లాభం ఒక్కటే: వాడి మొహం చూసి, ఎక్కడ తడబడ్డాడో అక్కడ ఆగవచ్చు. మేం తల వంచుకుని కాగితం చూసి చదివాం. వాళ్ళు తల వంచుకుని రాసుకున్నారు.

అమెరికాలో మైకెల్ మూర్ అనే విద్యావేత్త ఉన్నాడు. దూరవిద్యలో దూరం అనేదాన్ని మైళ్ళతో కొలవకూడదు, చెప్పేవాడికీ నేర్చుకునేవాడికీ నడుమ ఎంత సంభాషణ ఉందో దాంతో కొలవాలి అన్నాడు. ఆ కొలత తెచ్చి పెడితే మా గదిలో బల్లకూ మొదటి బెంచీకీ మధ్య ఉన్న ఆరడుగులూ ఆన్‌లైన్ కన్నా ఎక్కువ దూరమే.

ల్యాబుదీ ఇదే కథ, ఇంకాస్త ఎక్కువే. కెమిస్ట్రీలో చేత్తో చేస్తే తప్ప రానిది ఏదైనా ఉందంటే అది టైట్రేషను. బ్యూరెట్టు కొళాయి ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కును ఊపుతూ, ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీకి తిరిగే చోట ఆగాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు రంగొచ్చి లెక్క తప్పిపోతుంది. ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగడం ఏ పుస్తకంలోంచీ రాదు, ఏ తెరమీంచీ రాదు. ముఖాముఖి తరగతి కావాలని గట్టిగా అడగడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద కారణం ఆ చుక్కే. మేం ఏం చేశాం? నాలుగు బ్యూరెట్టులు పనిచేస్తుంటే ముప్పైమందిని చుట్టూ నిలబెట్టి ఒకడి చేత చేయించి, మిగతావాళ్ళ చేత రీడింగులు రాయించాం. సాల్టు ఎనాలిసిస్‌లో సాల్టు పేరు ముందుగానే తెలిసిపోయేది. రికార్డులు పై సంవత్సరం వాళ్ళవి చూసి ఎక్కించుకొచ్చేవాళ్ళు. మేం పేజీ పేజీకీ ఎర్రసిరాతో సంతకం పెట్టేవాళ్ళం. పబ్లిక్ ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎక్స్‌టర్నలూ మావంటివాడే, వాళ్ళ కాలేజీకి మేం ఎక్స్‌టర్నలుగా పోయేవాళ్ళం. యాభైకి నలభై అయిదు వేసుకున్నాం. డిగ్రీ పూర్తిచేసిన మా పిల్లలు హైదరాబాద్ శివార్లలో మందుల కంపెనీలకు పోతే, అక్కడ మొదటి రోజు పిపెట్టు పట్టుకోవడం కంపెనీవాళ్ళు నేర్పించారని ఒకబ్బాయి వచ్చి చెప్పాడు. తప్పు పట్టడానికి చెప్పలేదు, "ఇప్పుడు బాగా వచ్చు సార్" అని సంతోషంగా చెప్పాడు. ఆ సంతోషం ముందు నేను తల ఎత్తలేకపోయాను.

పిల్లలకు మా లెక్చరంటేనే ఇష్టమని ఒక మాట మాలో ఉండేది. నాకు కూడా మంచి పేరే ఉంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్సు చదివే పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి అచ్చయింది. ధారాళంగా సాగే ఉపన్యాసం విన్నవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారట. గుంపులుగా కూర్చుని తామే లెక్కలు కుస్తీపట్టి చేసినవాళ్ళకు తక్కువ నేర్చుకున్నట్టు అనిపించిందట. పరీక్ష పెడితే రెండో జట్టుకే ఎక్కువ వచ్చాయి. అది చదివినప్పుడు నా మంచి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. నా పాఠం సాఫీగా సాగేది, పిల్లలకు ఎక్కడా కష్టం కలిగించేది కాదు. కష్టపడ్డ చోటే నేర్చుకుంటారని తెలిసి కూడా, వాళ్ళు కష్టపడే గంటను నేను ఆక్రమించుకున్నాను.

ఇప్పుడు ఒకబ్బాయి గురించి చెప్పాలి. బీఎస్సీ రెండో ఏడు. 2020 సంక్రాంతి దాటాక అమ్మానాన్నలతో సుగ్గికి పోయాడు. మా దిక్కు వానలు మోసం చేసిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. ముసలివాళ్ళు, బడిపిల్లలు మాత్రం మిగులుతారు. డిగ్రీ పిల్లలు కూలికి పనికొచ్చే వయసువాళ్ళు గదా, వాళ్ళనూ తీసుకుపోతారు. ఈ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసి మేం చేసే సాయం ఒకటుండేది: హాజరు వేసేవాళ్ళం. 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగుతుంది, ఆగితే చదువు ఆగుతుంది. మనసున్న పని చేస్తున్నామనుకున్నాం. కాని హాజరు పడ్డాక వాడు ఎక్కడున్నాడని అడగవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. రెండు నెలలు రాలేకపోయినవాడికి తిరిగొచ్చాక పాఠాలు ఎలా అందించాలి, పోయేటప్పుడు చేతికి ఏ పుస్తకం ఇచ్చి పంపాలి, ఇవేవీ మా స్టాఫ్ మీటింగుల్లోకి రాలేదు. రిజిస్టరులో వాడు ఉన్నాడు కాబట్టి సమస్య లేదు.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. కర్నూలు నుంచి పోయిన కూలీలు మిరపచేలల్లోనే చిక్కుకుపోయారు. మేం వాట్సాప్ గ్రూపులో లింకులు పెట్టాం. మొదటి నాలుగు రోజులు ఆ అబ్బాయి పేరు తెరమీద కనిపించింది. అయిదో రోజు నుంచి లేదు. నేను గమనించలేదు. నవంబరులో కాలేజీ తెరిచాక ఎదురుపడితే, ఆన్‌లైన్ క్లాసులకు ఎందుకు రాలేదని గదమాయించాను.

"నాలుగు దినాలు విన్నా సార్. ఫోను మా నాయనది. రైతు మోటారు షెడ్డుకాడ చార్జింగు పెట్టుకోని వింటాంటి. మీ గొంతు బాగానే వినపడ్తాండె. ఏం చెప్తాండారో అర్థం కాలే," అని ఆగి, "క్లాసులో గూడా అంతే గదా సార్" అన్నాడు.

ఎదురు మాట్లాడాలని అన్నది కాదు. వాడికి తెలిసిన నిజం చెప్పాడు. సెమినార్లలో మేం గంటలు గంటలు చేసిన తులనాత్మక అధ్యయనం వాడు ఆ ఒక్క వాక్యంలో చేసేశాడు.

అప్పట్లో మా చర్చల్లో 'డిజిటల్ అంతరం' అనే మాట బాగా చెలామణీ అయింది. అంతరం ఉన్న మాట అబద్ధం కాదు. 2017–18 జాతీయ నమూనా సర్వేలోనే పల్లె కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం అని తేలింది. పట్టణాల్లో ఆ లెక్కలు 23.4, 42. మేం ఈ అంకెల్ని మా వైపు సాక్ష్యంగా వాడుకున్నాం: సిగ్నల్ లేదు, ఫోన్లు లేవు, మేమేం చేస్తాం? సిగ్నల్ ఉన్న పిల్లలకు మేం ఏం అందించామో ఎవరూ అడగలేదు గనక బతికిపోయాం. చదివే నోట్సునే తెర ముందు చదివాం. యాభై నిమిషాల క్లాసు యాభై నిమిషాలూ మేమే మాట్లాడాం. కొందరం నోట్సును ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి ఆ రోజుకు క్లాసు అయిందని పైకి నివేదిక పంపాం. అసైన్‌మెంట్లు పిల్లలు ఒకరిది ఒకరు చూసి రాసి ఫొటోలు పంపితే, తెరిచి కూడా చూడకుండా ఇంటర్నల్ మార్కులు వేశాం. నేను వేశాను.

ఇంకొక సంగతి చెప్పడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది. తరగతి గదిలో తలుపులు మూసుకుని తెలుగులో విడమరిచి చెప్పేవాళ్ళం, కనీసం అదైనా ఉండేది. వీడియో అనేసరికి పైవాళ్ళు చూస్తారేమో, ఇంకో కాలేజీ వాళ్ళు చూసి నవ్వుతారేమో అని ఇంగ్లిషులోకి మారిపోయాం. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదువుకొచ్చిన పిల్లలకు, మొహం కూడా కనిపించని పెట్టెలోంచి, మాకే సరిగ్గా పట్టులేని ఇంగ్లిషులో పాఠం చెప్పాం. ఏ అధికారీ అలా చెప్పమనలేదు. మా పరువు కోసం మేమే చేశాం.

అదే వేసవిలో వెబినార్లు వచ్చిపడ్డాయి. రోజుకు మూడు. లింకు తెరిచి పెట్టి, చివర్లో ఫారం నింపితే మెయిలుకు సర్టిఫికెట్ వచ్చేది. ప్రమోషన్లకు పనికొస్తాయని అందరం పోగేశాం. నా దగ్గర ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిల్లో ఆన్‌లైన్ బోధన గురించినవే తొమ్మిది. ఒక్కదాన్లోనూ కెమెరా పెట్టలేదు, ఒక్క ప్రశ్నా అడగలేదు, సగం సేపు వేరే పనులు చూసుకున్నాను. మరుసటి రోజు క్లాసులో పిల్లలు కెమెరాలు ఆపేసి ఉంటే బాధ్యత లేదని కోప్పడ్డాను.

ఆన్‌లైన్ వల్ల మేలేమీ జరగలేదని అనను. రెండేళ్ళు చివరి బెంచీలో కూర్చుని ఒక్కసారీ నోరు విప్పని అమ్మాయి ఒకరోజు రాత్రి పదకొండింటికి మెసేజి పెట్టింది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. రియాక్షను మెకానిజంలో బాణం గుర్తు ఎప్పుడూ ప్లస్ ఉన్న వైపుకే ఎందుకు పోతుంది సార్, అటునుంచి ఇటు ఎందుకు రాదు అని. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. ఆ బాణం ఎలక్ట్రాన్ జంట నడిచే దారి. ఉన్నచోటు నుంచి కొరత ఉన్నచోటికి పోతుంది. ఇది పట్టుబడితే వంద మెకానిజాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అరవైమంది మధ్య లేచి "అర్థం కాలేదు" అనడానికి ధైర్యం చాలని పిల్లకు ఆ ఫోను ఒక చాటు ఇచ్చింది. తరగతి గది ఇవ్వలేనిది అది.

నేనేం చేశానంటే, నలభై పేజీల పీడీఎఫ్ పంపాను. "సరే సార్, థ్యాంక్యూ సార్" అని జవాబు వచ్చింది. మళ్ళీ ఆ నంబరు నుంచి ప్రశ్న రాలేదు. అప్పుడు నాకు అయిదు నిమిషాలు పట్టేది, అంతే. ఒక కాగితం మీద బాణం వేసి, ఫొటో తీసి, గొంతు రికార్డు చేసి పంపితే సరిపోయేది.

మా డిపార్ట్‌మెంట్లోనే ఒకావిడ ఆ పని చేసింది. కాంట్రాక్టు లెక్చరరు, మా అందరికన్నా చిన్నది. పుస్తకాల దొంతికి ఫోను ఆనించి, వంటింటి గట్టుమీద ఎనిమిది నిమిషాల వీడియో తీసింది, తెలుగులో. గ్లాసులో సున్నపు తేట, అందులో చిటికెడు పసుపు. ఎర్రగా మారింది. "పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి ఇదే" అని చెప్పింది. ఇప్పుడు నిమ్మరసం చుక్కచుక్కగా వేయండి, తిరిగి పసుపుపచ్చకు వచ్చేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి, సున్నపు తేట రెండింతలు తీసుకుంటే ఎన్ని పడతాయో ముందు ఊహించి ఆ తరవాత చేసి చూడండి అంది. నలభైమందికి పైగా పిల్లలు చేసి ఫొటోలు పంపారు. కొందరు అంట్లు తోముకునే చోట గచ్చుమీద కూర్చుని చేశారు, ఒకడు చేలో చేశాడు. తెరమీంచి రాదని నేను పైన అన్న ఆ ఒక్క చుక్కను ఆవిడ వాళ్ళ ఇళ్ళల్లోనే చూపించింది. కాలేజీ తెరిచాక ఆ పిల్లలే వచ్చి, "బ్యూరెట్టుతో మేం చేస్తాం సార్" అని అడిగారు. అంతకుముందు ఏ బ్యాచ్ పిల్లలూ నన్ను అలా అడగలేదు. వీడియో ఇంట్లో, ప్రయత్నం ఇంట్లో, కచ్చితత్వం ల్యాబులో. మిశ్రమ బోధన అంటే ఏమిటో నేను మొదటిసారి కళ్ళారా చూసింది అప్పుడే.

సీనియర్లం మేం నలుగురం స్టాఫ్ రూములో ఏమన్నామంటే, "ఇది ఎనిమిదో తరగతి ప్రయోగం, డిగ్రీ స్థాయి కాదు." ఆవిడ చెవిన పడేట్టే అన్నాం. ఆ ఏడు నివేదికలో ఉత్తమ విధానాల కింద మా వెబినార్ల సంఖ్య వేశాం, పారాణి వీడియో వేయలేదు. తరవాతి సంవత్సరం ఆవిడ కాంట్రాక్టు కొనసాగలేదు. నిర్ణయం మాది కాదు నిజమే. ఆవిడ తరఫున ఒక్క కాగితం రాద్దామని మాలో ఎవరికీ తోచలేదన్నది కూడా నిజమే.

2020 మార్చిలోనే కొందరు అమెరికన్ విద్యావేత్తలు ఒక వ్యాసంలో హెచ్చరించారు. ఇప్పుడు జరుగుతున్నది ఆపద్ధర్మంగా చేస్తున్న దూరబోధన, దీన్ని చూసి ఆన్‌లైన్ విద్యను అంచనా వేయవద్దు, విశ్వవిద్యాలయ స్థాయిలో ఒక ఆన్‌లైన్ కోర్సును సరిగ్గా రూపొందించడానికి మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది అని. మాకు ఆ వెసులుబాటు దొరకలేదని మేం సర్దిచెప్పుకోవచ్చు, మొదటి వేసవి వరకు. 2021 ఏప్రిల్లో రెండో అల వచ్చి మళ్ళీ కాలేజీలు మూతపడ్డాయి. మధ్యలో ఏడాది గడిచింది. తొమ్మిది నెలలు కాదు, పన్నెండు. ఆ పన్నెండు నెలల్లో మా దగ్గర సిద్ధమైనవి ఏమిటి? పాత పీడీఎఫ్‌లు. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు, కేంద్రం నడిపే 'స్వయం' ఆన్‌లైన్ కోర్సులు, వర్చువల్ ల్యాబులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. వాటిని చూసి, మా పిల్లలకు ఏ పది నిమిషాలు పనికొస్తాయో ఏరి, వాటికి తెలుగులో ఓ ముందుమాట చెప్పడం మా పని. మేం లింకు పంపి ఊరుకున్నాం. స్వయంలో పిల్లల పేర్లు గంపగుత్తగా నమోదు చేయించాం. ఎందరు పూర్తిచేశారో లెక్కపెట్టలేదు. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల్లోనే 2017–18లో చేరినవాళ్ళలో పూర్తిచేసింది నూటికి ముగ్గురేనని సైన్స్ పత్రికలో వచ్చింది. చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా లింకు ఒక్కటే ఎవరినీ ఒడ్డుకు చేర్చదని అప్పటికే తేలిపోయిన విషయం.

2021 మేలో యూజీసీ మిశ్రమ బోధన మీద ముసాయిదా పత్రం తెచ్చింది. ఒక్కో కోర్సులో నలభై శాతం దాకా ఆన్‌లైన్‌లో, మిగతా అరవై తరగతిలో చెప్పవచ్చని. మా కమిటీ మూడుసార్లు సమావేశమైంది. నేను సభ్యుణ్ణి. మేం మాట్లాడుకున్నదల్లా ఆ నలభైని టైంటేబులులో ఎక్కడ చూపించాలి అని. ఏ పాఠం ఇంట్లో విని రాదగ్గది, ఏది ఎదురుగా కూర్చుని కుస్తీ పట్టవలసింది అన్న మాట ఆ మూడు సమావేశాల్లో ఒక్కసారీ రాలేదు. కెమిస్ట్రీలోనే చూడండి: సైక్లోహెక్సేన్ వలయం కుర్చీ ఆకారం నుంచి ఎలా తిరగబడుతుందో నల్లబల్ల మీద ఎంత గీసినా పిల్లలకు కనిపించదు. తెరమీద బొమ్మను తిప్పి చూపితే, వాళ్ళు ఆపి, వెనక్కిపోయి, నాలుగుసార్లు చూసుకుంటే తెలుస్తుంది. మెకానిజం రాసేటప్పుడు బాణం తప్పు వైపు వేసిన క్షణంలో పక్కన మనిషి ఉండాలి. సాల్టు రంగు మంటలో చూడాలి. ఇలా ఒక్కో పాఠాన్ని విడదీసి కూర్చోబెట్టడం అధ్యాపకుడికి తప్ప ఇంకెవరికీ చేతకాదు. ఆ ఒక్క పనీ మేం చేయలేదు.

2010లో అమెరికా విద్యాశాఖ, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి ఒక నివేదిక వేసింది. రెండూ కలిపి నేర్పిన చోట ఫలితాలు ఒట్టి తరగతి గది కన్నా మెరుగ్గా ఉన్నాయని అందులో ఉంది. ఆ వాక్యం మా పత్రాలన్నిటిలోనూ ఉదహరించాం. దాని పక్కనే ఉన్న హెచ్చరికను వదిలేశాం. కలిపి నేర్పిన చోట పిల్లలకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా దొరికాయి, మేలు మాధ్యమం వల్లే జరిగిందని చెప్పలేం అని వాళ్ళే రాశారు. అంటే అక్కడ కలపడమంటే చేర్చడం. మేం కలపడం పేరుతో తీసేశాం. ఖాళీ పోస్టు భర్తీ కాని సబ్జెక్టుకు 'ఆన్‌లైన్' అని రాసుకున్నాం. శనివారం క్లాసులను ఆన్‌లైన్ అని ప్రకటించి సెలవుగా వాడుకున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ అందరి పిడికిళ్ళూ నిండాయి.

మిశ్రమ బోధన మనకు కొత్త, పడమటి నుంచి వచ్చింది, అలవాటు పడటానికి టైము పడుతుంది అని కూడా అన్నాం. అది అబద్ధం. 1982లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, 1991 నుంచి అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. దానికి తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే తరవాత ఇగ్నోకు కూడా పునాది వేశారు. ఇంటర్ లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. ఇంటి దగ్గర చదువుకోవడానికి పుస్తకాలు, రేడియో పాఠాలు, ఆదివారాల్లో స్టడీ సెంటర్లో అధ్యాపకుడితో ముఖాముఖి. ఆ పుస్తకాలు ఎంత శ్రద్ధగా రాశారంటే గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలు ఈనాటికీ వాటిని వెతుక్కుని చదువుతారు. తనంతట తాను చదివేవాడికి ఎక్కడ సందేహం వస్తుందో ముందే ఊహించి రాసిన తెలుగు అది. మిశ్రమ బోధన అనే పేరు మా చెవిన పడక ముందే మన నేల మీద నడిచిన మిశ్రమ బోధన.

మా కాలేజీలో ఆ స్టడీ సెంటరు ఉండేది. ఆదివారం గౌరవ వేతనానికి నేనూ చెప్పాను. వచ్చేవాళ్ళు కానిస్టేబుళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, బస్సు కండక్టర్లు, చదువు మధ్యలో ఆగిపోయి పిల్లలు పుట్టాక మళ్ళీ మొదలుపెట్టిన ఆడవాళ్ళు. వాళ్ళు పుస్తకం చదివి, పేజీ మడత పెట్టి వచ్చేవాళ్ళు. "ఈ పేరా కాడికి వచ్చి ఆగిపోయినా సార్" అనేవాళ్ళు. డిక్టేషను అడిగేవాళ్ళు కాదు, వాళ్ళ దగ్గర పుస్తకం ఉంది గదా. రెండు గంటలూ సందేహాలతోనే గడిచిపోయేవి. ఎదుటి మనిషి ఎక్కడ ఆగాడో అక్కణ్ణుంచి చెప్పడం నాకు వచ్చని ఆ ఆదివారాలే చెబుతున్నాయి. సోమవారం పొద్దున్న అదే గదిలో, అదే బల్ల ముందు, పాత నోట్సు తీసి డిక్టేషను మొదలుపెట్టేవాణ్ణి. రెండింటికీ మధ్య ఒక్క రాత్రే ఎడం. ఒక్కసారైనా ఆదివారం పద్ధతిని సోమవారంలోకి తెద్దామని అనిపించలేదు. కారణం వెతుక్కుంటే కనిపించేది ఒకటే. ఓపెన్ డిగ్రీ అంటే మాకు చులకన. 'వాళ్ళు రెగ్యులర్ కాదు' అనేవాళ్ళం. మా స్టాఫ్ రూములో దూరవిద్య అనే మాటను తక్కువ చదువుకు మారుపేరుగా వాడేవాళ్ళం. తక్కువ చదువు దగ్గర నేర్చుకోవడానికి ఏముంటుంది అనుకున్నాం.

పోయిన నెల పాత రికార్డుల కోసం డిపార్ట్‌మెంటుకు రమ్మంటే వెళ్ళాను. బీరువా తీసి వెతుకుతుంటే 2020 హాజరు రిజిస్టరు చేతికొచ్చింది. అట్ట చెదలు పట్టింది, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. సుగ్గికి పోయిన అబ్బాయి పేరు పట్టుకుని వేలితో అడ్డంగా చూసుకుంటూ పోయాను. జనవరి నెలాఖరున తరగతి గదిలో, ఫిబ్రవరిలో తరగతి గదిలో, ఏప్రిల్లో ఆన్‌లైన్‌లో, మేలో ఆన్‌లైన్‌లో, అన్ని గళ్ళలోనూ 'పి' ఉంది. వాడు అప్పుడు గుంటూరు దిక్కున ఎవరిదో మిరపచేలో ఉన్నాడు. ఎక్కడా దిద్దుబాటు లేదు, సిరా రంగు కూడా మారలేదు. ప్రతి నెల చివరా కింద నా సంతకం ఉంది.